తోడేలు నిజంగా తిరిగొచ్చిందా, లేక తెల్ల తోడేలుకి పాత పేరు పెట్టారా?

వైట్‌ఫీల్డ్_వేణు | ఆదివారం రాత్రి

వార్త పాతదే, మా ఇంట్లో నిన్న మళ్ళీ లేచింది. మా వాడికి స్కూల్లో ‘అంతరించిన జంతువులు’ అని ప్రాజెక్టు ఇచ్చారు. డైర్ వుల్ఫ్ అనే పాతకాలపు తోడేలు బొమ్మ అతికించి, కింద ‘తిరిగి వచ్చింది’ అని స్కెచ్ పెన్నుతో రాశాడు. అలా రాయకూడదన్నాను. ఏడ్చాడు. మా ఆవిడ నా మీద అరిచింది. ఇప్పుడు న్యాయం మీరే చెప్పాలి.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. 2025 ఏప్రిల్‌లో కొలాసల్ బయోసైన్సెస్ అనే అమెరికా కంపెనీ మూడు తెల్లటి పిల్లల్ని చూపించింది. రోములస్, రెమస్, ఖలీసీ వాటి పేర్లు. 13,000 ఏళ్ళ నాటి ఒక పన్ను, 72,000 ఏళ్ళ నాటి ఒక పుర్రె, ఈ రెండిట్లోంచి డీఎన్ఏ తీసి చదివారట. గ్రే వుల్ఫ్ అనే ఇప్పటి తోడేలు కణాల్లో 14 జన్యువుల దగ్గర 20 మార్పులు చేసి, పెంపుడు కుక్కల కడుపున పుట్టించారు. ఇక డైర్ వుల్ఫ్ తిరిగొచ్చేసిందని ప్రకటించారు. వచ్చినట్టా, రానట్టా?

కోడ్_కాపరి | ఆదివారం రాత్రి

రాలేదు. మీ వాడిని ఓదార్చండి కానీ ఆ లైను మాత్రం కొట్టేయండి.

కుక్కల జాతి జీనోమ్, అంటే డీఎన్ఏ మొత్తం, సుమారు 240 కోట్ల అక్షరాలు. రెండు తోడేళ్ళకీ 99.5 శాతం పోలిక ఉందని కంపెనీయే చెప్పింది. మిగిలిన అర శాతం ఎంతో లెక్క వేయండి. కోటీ ఇరవై లక్షలు. అందులో మార్చింది 20. మా ఆఫీసులో ఎవడైనా కోటీ ఇరవై లక్షల టికెట్లలో 20 క్లోజ్ చేసి ‘రిలీజ్ అయిపోయింది, కేక్ కట్ చేద్దాం’ అంటే హెచ్ఆర్ వాళ్ళు ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు.

బయో_భార్గవి | ఆదివారం రాత్రి

కోడ్ కాపరి గారూ, జీనోమ్ మీ సాఫ్ట్‌వేర్ కాదండీ. ఆ కోటీ ఇరవై లక్షల్లో చాలావాటికి కంటికి కనిపించే పనేమీ ఉండకపోవచ్చు. ఒక్క అక్షరం మారితే సికిల్ సెల్ జబ్బు వస్తుంది. లక్ష అక్షరాలు మారినా కొన్నిచోట్ల ఏమీ కాదు. కాబట్టి ఎన్ని మార్చారని కాదు, ఏవి మార్చారని అడగాలి. సైజు, పుర్రె ఆకారం, బొచ్చు, రంగు, వీటిని ఎంచుకుని మార్చారు. జాతి అన్నది ప్రకృతి గీసిన గీత కాదు, మన సౌకర్యం కోసం మనం గీసుకున్నది. నేను ఇక్కడే ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను, ఈ 20 మార్పులూ ఒకే కణంలో సరిగ్గా పడటం ఎంత కష్టమో నాకు తెలుసు. నవ్వడం తేలిక.

మెజెస్టిక్_మూర్తి | ఆదివారం రాత్రి

వ్యాసుడు 101 నేతికుండలు పెట్టాడు. ఒక్క ప్రెస్ మీట్ పెట్టలేదు.

లెక్కల_మాస్టారు | సోమవారం ఉదయం

అందరూ 20, 20 అంటున్నారు. డైర్ వుల్ఫ్ డీఎన్ఏలో ఉన్న మార్పులు అందులో 15 మాత్రమే. మిగతా 5 ఆ జంతువుకి సంబంధించినవి కావు. డైర్ వుల్ఫ్ రంగు జన్యువులను ఉన్నవి ఉన్నట్టు పెడితే పిల్లలకి చెవుడు, గుడ్డితనం రావచ్చని భయపడి, తెల్లబొచ్చు వస్తుందని ముందే తెలిసిన వేరే మార్పులు పెట్టారు. 20 అని రాసేవారు దయచేసి సరిదిద్దుకోగలరు.

కోడ్_కాపరి | సోమవారం ఉదయం

మాస్టారూ, అది నా వాదనకే బలం.

లెక్కల_మాస్టారు | సోమవారం ఉదయం

ఎవరి వాదనకి బలమో నాకు అనవసరం. సంఖ్య 15.

హోస్కోటె_గోశాల | సోమవారం మధ్యాహ్నం

పేరులో ఏముంది అనేవాళ్ళు నా కథ వినాలి.

హోస్కోటె దగ్గర నాకు చిన్న స్థలం ఉంది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో పుంగనూరు ఆవులకి మేత పెట్టిన ఫోటోలు వచ్చాయి కదా. ఆ ఫోటోలు చూసి మా అమ్మ పట్టుబట్టింది. మాది పలమనేరు వైపు, మా తాత దగ్గర ఆ ఆవులుండేవి. ఒక బ్రోకర్ నాలుగు నెలల పెయ్యదూడని తెచ్చాడు. గొర్రెపిల్లంత ముద్దుగా ఉంది. ‘ఒరిజినల్ సార్, ముట్టుకుంటే తెలుస్తుంది’ అన్నాడు. లక్షన్నర ఇచ్చాను. అసలైన పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. మాది ఏడాదికే ఆ గీత దాటింది. ఇప్పుడు 112. గేటు మార్పించాను. బ్రోకర్‌కి ఫోన్ చేస్తే ‘బెంగళూరు వాతావరణం సార్, బాగా ఎదుగుతుంది’ అన్నాడు. పశువుల డాక్టరు చూసి ‘ఇది పుంగనూరూ కాదు, జెర్సీ కాదు, మీ ఆవు’ అన్నాడు.

ఇప్పుడు చూడితో ఉంది. దాని మీద నాకు కోపం లేదు, మా అమ్మ పేరు పెట్టి పిలిస్తే వస్తుంది. నా కోపం అంతా ‘ఒరిజినల్’ అన్న మాట మీద. భార్గవి గారూ, జాతి మనం గీసుకున్న గీతే అయితే, నా లక్షన్నర కూడా నేను గీసుకున్న గీతేనా?

బయో_భార్గవి | సోమవారం మధ్యాహ్నం

సార్, మీకు జరిగింది మోసం. దానికీ దీనికీ పోలిక ఏమిటి? కొలాసల్ వాళ్ళు ఏం మార్చారో చెప్పే చేశారు.

కోడ్_కాపరి | సోమవారం మధ్యాహ్నం

చెప్పే చేశారు, నిజమే. ఏప్రిల్‌లో పెద్ద అక్షరాలతో ‘డైర్ వుల్ఫ్’ అని చెప్పారు. మేలో వాళ్ళ చీఫ్ సైంటిస్ట్ బెత్ షాపిరో ఒక ఇంటర్వ్యూలో మెల్లగా, ఇవి 20 మార్పులున్న గ్రే వుల్ఫ్‌లే అని ఒప్పుకున్నారు. ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థలో కుక్కజాతి నిపుణులు కూడా ఇవి డైర్ వుల్ఫ్‌లు కావనే అన్నారు. అసలు ఆ రెండు వంశాలూ విడిపోయి దాదాపు 57 లక్షల ఏళ్ళని 2021లోనే నేచర్ పత్రికలో వచ్చింది. ‘షరతులు వర్తిస్తాయి’ అని కింద చిన్నగా వేసినట్టుంది వ్యవహారం.

బొమ్మనహళ్ళి_బుజ్జి | సోమవారం సాయంత్రం

ఆంధ్రలో ఎక్కడా దొరకని ‘ఆంధ్రా స్టైల్ బిర్యానీ’ ఈ ఊళ్ళో వీధికొకటి ఉంది. తినట్లేదా?

లెక్కల_మాస్టారు | సోమవారం సాయంత్రం

పైన కోడ్ కాపరి మళ్ళీ 20 అన్నారు.

బద్వేలు_బాబు | సోమవారం రాత్రి

నేను ఇలాంటి చర్చల్లోకి రాను, కానీ చదివి ఉండబట్టలేకపోయాను. అది ఒరిజినలా డూప్లికేటా నాకొద్దు. ఆ టెక్నిక్ పనిచేస్తే మంచిదే. ముందు మా కలివికోడిని చేసిపెట్టండి. ల్యాబ్‌లో పది పిట్టలు చేసి జూలో పెట్టుకుని, మా భూములు మాకు వదిలేయండి.

బెంగళూరు వాళ్ళకి తెలీదేమో, చెప్తా. 1848లో జెర్డన్ అనే దొర రాసిపెట్టిన పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనపడకపోతే పోయిందనుకున్నారు. 1986 జనవరిలో మా కడప జిల్లా లంకమల దగ్గర రాత్రిపూట టార్చి వెలుగులో దొరికింది. అంతే, అభయారణ్యం అన్నారు, అక్కడ తవ్వొద్దు, ఇక్కడ మేపొద్దు అన్నారు. తెలుగుగంగ కాలువ పిట్ట తావు మీదుగా పోతోందని 2005లో పనులు ఆపి దారి మళ్ళించారు. ఆ కాలువ కింద మా నాయనకి మూడెకరాలు తడవాల్సింది. చెన్నైకి 15 టీఎంసీలు మా పక్కనుంచి పోతాయి, మాకు మాత్రం పిట్ట అడ్డం. ఆ పిట్టని మా ఊళ్ళో చూసినవాడు ఒక్కడు లేడు.

కలివిపొద | సోమవారం రాత్రి

ఇన్ని పోస్టులకి ఇప్పుడు అసలు విషయం బయటపడింది.

పదేళ్ళ కిందట సెలవులు పెట్టుకుని లంకమల సర్వేకి వాలంటీర్‌గా వెళ్ళాను. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే వెళ్ళి ఆ మట్టిలో కాలిముద్రలు వెతకడం మా పని. చీకటి పడ్డాక దాని కూత రికార్డు వేసి, బదులు వస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చోవడం. నాకు బదులు రాలేదు. అయినా ఆ పొదల కోసం పోట్లాడతాను.

అన్నా, ముందు ఒక మాట. పిట్టని తోడేలులా చేయలేరు. పాలిచ్చే జంతువుల అండం ఇసుకరేణువంత ఉంటుంది, దాని లోపలి కేంద్రకాన్ని తీసి వేరేది పెట్టొచ్చు. పక్షి అండం అంటే ఆ పచ్చసొన మొత్తం. ఆ పద్ధతిలో ఇంతవరకు ఒక్క పక్షిని కూడా క్లోన్ చేయలేదు. సరే, రేపు చేశారే అనుకుందాం. ఆ పదింటినీ ఎక్కడ వదులుతారు? మీ మూడెకరాల వరిమడిలోనా?

తోడేలు వార్త వచ్చిన రోజే అమెరికా ఇంటీరియర్ మంత్రి డగ్ బర్గమ్ ఏమన్నారో గుర్తుందా? నియంత్రణల కన్నా కొత్త టెక్నాలజీయే గొప్పదని, అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాకెక్కినవి ఎప్పటికీ దిగవని రాశారు. అంటే, ల్యాబ్ ఉంది కదా, అడవి ఎందుకు అని. నేను భయపడింది తోడేలుకి కాదు, ఆ మాటకి. అదే మాట మీ నోటినుంచి విన్నాను.

బద్వేలు_బాబు | సోమవారం రాత్రి

ఆ మంత్రి ఎవడో నాకెందుకు మేడమ్? మీరు సెలవులకి వచ్చి వెళ్ళారు. మేము ఉన్నది అక్కడే. మీరు ఉండే అపార్టుమెంట్ కట్టేముందు అక్కడ ఏ పిట్ట ఉండేదని ఎవరైనా అడిగారా? ఏ కాలువ ఆపారు? బెంగళూరులో చెరువు పూడ్చితే లేఅవుట్, కడపలో పొద కొడితే నేరం.

బయో_భార్గవి | సోమవారం రాత్రి

ల్యాబ్ అంటే అడవికి బదులు అని నేను ఎక్కడా అనలేదు. నల్లకాళ్ళ ఫెర్రెట్ అని ముంగిసలాంటి అమెరికా జంతువు, దాని సంగతి చూడండి. ఇప్పుడున్నవన్నీ ఏడంటే ఏడు జంతువుల సంతానం. 1988లో గడ్డకట్టించి దాచిన కణాల నుంచి 2020లో ఎలిజబెత్ ఆన్ అనే క్లోన్ పుట్టింది. అవే కణాల నుంచి పుట్టిన ఇంకో క్లోన్ 2024లో పిల్లల్ని కూడా కన్నది. ఆ ఏడింటిలో లేని రక్తం అలా కలుస్తోంది. కలివికోడి కణాలు ఎవరైనా దాచి ఉంటే ఇవాళ మనం ఇంత కొట్టుకునేవాళ్ళం కాదు. మూడు పిల్లల ఫోటోలు చూసి మొత్తం రంగాన్నే సర్కస్ అంటే ఎలా?

కోడ్_కాపరి | సోమవారం రాత్రి

సర్కస్ అనలేదు. కేక్ కట్ చేయొద్దన్నాను.

సెల్లార్_సుబ్బు | సోమవారం రాత్రి

మాదీ చెరువు పూడ్చి కట్టిన అపార్టుమెంటే. గట్టి వాన పడితే చెరువు సెల్లార్‌లోకి తిరిగొస్తుంది. నేను కళ్ళారా చూసిన డీ-ఎక్స్‌టింక్షన్, అదే, పోయినది తిరిగి రావడం, అదొక్కటే. అది వందశాతం ఒరిజినల్.

కలివిపొద | మంగళవారం ఉదయం

బాబు గారూ, రాత్రి కోపంలో రాసినదానికి సారీ. ‘వరిమడిలోనా’ అన్నమాట అనకుండా ఉండాల్సింది. మా అపార్టుమెంట్ విషయంలో నా దగ్గర జవాబు లేదు.

ఒక్క విషయం మాత్రం చెప్పాలి. ఆ పిట్టకి చిట్టడవి పనికిరాదు, బోడి నేల పనికిరాదు. ముళ్ళపొదలు, మధ్యలో పరిగెత్తడానికి జాగా, రెండూ ఉండాలి. మేత పూర్తిగా ఆపితే పొదలు కమ్ముకుంటాయి, మరీ ఎక్కువైతే పోతాయి. మేకలు, వాటి వెంట మనుషులు కాస్త తిరుగుతూ ఉంటేనే ఆ జాగా నిలుస్తుందని సర్వేలో పెద్దవాళ్ళు అనేవారు.

బద్వేలు_బాబు | మంగళవారం ఉదయం

మరి మా మేకల్ని తరిమింది ఎవరు?

కలివిపొద | మంగళవారం ఉదయం

ఆ మాట సర్వే క్యాంపులో మేమూ అడిగాం అన్నా. జవాబు రాలేదు. మీ నాయన ఆ పొదల్లో మేపేవారా? రాత్రిళ్ళు ఎప్పుడైనా ఏదైనా కూత విన్నారా? పొద్దు గూకాక ముప్పావుగంటకి, రెండు ముక్కలుగా, వెంటవెంటనే.

బద్వేలు_బాబు | మంగళవారం రాత్రి

ఫోన్ చేసి అడిగాను. కలివికాయలు కోసుకునేటప్పుడు చీకటి పడితే ఏదో అరిచేదంట. ‘అది కలివికోడో, తీతువో, టార్చి లైటు లేని కాలంలో ఎవడు చూడొచ్చినాడు’ అన్నాడు. తర్వాత, ఎందుకు అడుగుతున్నావు, మళ్ళీ సర్వేనా, మిగిలిన భూమి కూడా పోతుందా అని భయపడ్డాడు. కాదులే నాయనా, ఊరికే అని చెప్పి పెట్టేశాను. మేడమ్, ఈ సంగతి ఇంకెక్కడా రాయొద్దు.

వైట్‌ఫీల్డ్_వేణు | బుధవారం రాత్రి

న్యాయం అడిగితే మీరు కాలువల్లోకి వెళ్ళిపోయారు. మా వాడు తనంతట తానే ‘తిరిగి వచ్చింది’ పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. టీచరు దాన్ని ఎర్ర ఇంకుతో కొట్టేసి, స్పష్టంగా రాయమన్నారట.

లెక్కల_మాస్టారు | బుధవారం రాత్రి

ప్రాజెక్టులో సంఖ్య ఎంత వేశాడు?

హోస్కోటె_గోశాల | గురువారం ఉదయం

తెల్లవారుజామున ఈనింది. పెయ్యదూడ. గొర్రెపిల్లంత ఉంది. మా అమ్మ వాట్సాప్ స్టేటస్‌లో ఫోటో పెట్టింది. పది గంటలకల్లా ఆ బ్రోకరే ఫోన్ చేశాడు. నంబరు చూసుకోలేదనుకుంటా. ‘ఒరిజినల్ పుంగనూరులా ఉంది సార్, ఇస్తారా?’ అంటున్నాడు.