‘ఇంతలు కన్నులు’ ఎవరివి?

పాతపటం: అమ్మమ్మగారింట్లో రవివర్మ శకుంతల ప్రింటు ఉండేది. అద్దం మసకబారినా, చెలి భుజం పట్టుకుని ముల్లు తీసుకునే వంకతో వెనక్కి చూసే ఆ చూపు మాత్రం చెక్కుచెదరలేదు. నిన్న దుమ్ము తుడుస్తుంటే ‘నెపంబిడి పల్కరించు లాగు’ అన్న ముక్క నోట్లో ఆడటం మొదలుపెట్టింది. ముందూ వెనకా అందడం లేదు. శకుంతల గురించేనా?

అరసున్న: కాదండీ, పెద్దన మనుచరిత్రలో వరూధిని మాట. హిమాలయాల్లో దారి తెలీక ప్రవరుడు దారి అడిగితే ఈ అప్సరస ఇలా అంటుంది: ‘ఇంతలు కన్నులుండ తెరు వెవ్వరి వేఁడెదు భూసురేంద్ర! యేకాంతమునందు నున్న జవరాండ్ర నెపంబిడి పల్కరించు లా గింతయె కాక’. ఇంతేసి కళ్లుండగా దారి ఎవర్ని అడుగుతావు, ఒంటరిగా ఉన్న ఆడవాళ్లని ఏదో వంకతో పలకరించడానికే కదా అని. ఆ నెపం ప్రవరుడి మీద మోపుతోంది.

జిగిబిగి: నెపం సరే, పద్యానికి ప్రాణం ‘ఇంతలు’లోని ‘లు’. ఇంతలేసి కన్నులు! చదువుతుంటే చెయ్యి తనంతట తనే కొలత చూపిస్తుంది.

గోదారిగట్టు: నాకెప్పుడూ అవి వరూధిని కళ్లే అనిపిస్తాయి. నావి ఇంతలేసి కళ్లుండగా ఇంకెవర్నో అడుగుతావా అని.

అరసున్న: అన్వయం కుదరదు. అడిగేది ప్రవరుడు, కళ్లూ అతనివే. కళ్లు పెట్టుకుని దారి అడుగుతావేం అని ఇప్పటికీ అంటాం కదా.

జిగిబిగి: అంతకుముందు అతను పిలిచింది ‘భీతహరిణేక్షణ’ అని, అంటే బెదిరిన లేడి కళ్లదానా అని. కళ్లతో మొదలుపెడితే కళ్లతోనే బదులు. అతను ‘ఓట లేక’, అంటే జంకు లేకుండా, తిరుగుతున్నావన్నాడు, ఈమె ‘ఇంత భయంబు లేక’ అడుగుతావా అంది. ఈక్షణానికి కన్నులు, ఓటకి భయం. సంస్కృతానికి తెలుగు, తెలుగుకి సంస్కృతం! పెద్దన తప్ప ఎవరల్లుతారు ఇలా?

గోదారిగట్టు: అందుకే అంటున్నా, అతను పొగిడింది ఆమె కళ్లనే కదా! వడ్డాది పాపయ్య గారి బొమ్మల్లో ఆడవాళ్ల కళ్లు చూడండి, ‘ఇంతలు’ అంటే ఏమిటో తెలుస్తుంది.

అరసున్న: వ.పా. మీద నాకూ ప్రాణమే, కానీ బొమ్మతో అన్వయం తేల్చలేం.

పాతపటం: కాళిదాసు శకుంతలకి గుచ్చుకున్నది దర్భ మొలక, రెండో అంకంలో దుష్యంతుడు విదూషకుడికి చెబుతాడు. ఆ నెపం ఆమెది. వరూధిని దగ్గరికొచ్చేసరికి నెపం తనదే అయినా ఎదుటివాడిదంటోంది. నాకు ఆ పద్యం, ఈ పటం ఒకచోట కలిసింది ఇందుకేనేమో.

జిగిబిగి: బాగా పట్టుకున్నారు. ఇంతకీ పద్యం చివర ‘ఎల్లిదమైతిమె’, చులకనైపోయామా, అని బహువచనం ఎందుకు వాడినట్టు? అక్కడున్నది తనొక్కతే కదా.

అరసున్న: అప్సరసలందరి తరఫునా అనుకుంటా.

గోదారిగట్టు: కాదు, అది బింకం!