ఈమ్ పారిష్ పాత సరిహద్దులు, జనాభా లెక్కల కోసం సహాయం కావాలి

నమస్కారం. ఇంగ్లాండులోని డెర్బీషైర్‌లో, పీక్ డిస్ట్రిక్ట్ కొండల నడుమ ఉన్న ఈమ్ అనే చిన్న పారిష్ (అక్కడి స్థానిక పాలనలో అట్టడుగు విభాగం) గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభా 969. పారిష్ కౌన్సిల్‌కు పైన జిల్లా కౌన్సిల్, ఆపైన కౌంటీ కౌన్సిల్ ఉన్నా, ఇళ్ల నిర్మాణానికి అనుమతులిచ్చేది మాత్రం జాతీయ ఉద్యానవన సంస్థ. మన పంచాయతీతో పోల్చి చెప్పడం ఇక్కడే కష్టమవుతోంది.

1665-66 ప్లేగు కాలంలో ఊరివాళ్లు తమను తామే నిర్బంధించుకుని, సరిహద్దు రాతికి తొలిచిన గుంటల్లో వెనిగర్ పోసి, అందులో నాణేలు ఉంచి బయటి నుంచి తిండి తెప్పించుకున్నారు. అప్పుడు చనిపోయిన సుమారు 260 మందిని నేటి జనాభాతో పోల్చడం సరికాదనిపిస్తోంది, ఎందుకంటే ఇప్పుడు వేరే పారిష్ అయిన ‘ఫూలో’ అనే ఊరు అప్పట్లో ఈమ్ చర్చి పారిష్‌లోనే, అంటే ఆ చర్చి పరిధిలోనే, ఉండేది. పాత సరిహద్దుల పటం, 1801 నుంచి జనగణన లెక్కలు ఎక్కడ దొరుకుతాయో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.