చిత్రిక పట్టడం అంటే బొమ్మ గీయడం కాదండీ

‘పల్లె బతుకును చిత్రిక పట్టిన నవల’. పుస్తక పరిచయాల్లో ఈ మాట తరచూ కనిపిస్తోంది. రాసేవాళ్ల మనసులో ఉన్నది ‘చిత్రించిన’ అని. రెండూ చెవికి దగ్గరగా వినిపిస్తాయి కాబట్టి ఒకదాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది.

చిత్రిక వడ్రంగి పనిముట్టు. చెక్క దిమ్మ, దాంట్లో వాలుగా బిగించిన బ్లేడు, అడుగున సన్నని సందు. రెండు చేతులా పట్టి తోస్తే ఎత్తుగా ఉన్న చెక్క చుట్టలు చుట్టలుగా లేచి వస్తుంది. హైదరాబాదు వైపు రందా అంటారు.

తిరుపతిలో మా పాత ఇంటి మిద్దె మీది గదికి టేకు పలకల నేల. వానకు కప్పు కారి కొన్ని పలకల అంచులు లేచాయి, నడుమ గుంతపడింది. ఇప్పుడు ఆ రిపేరే నడుస్తోంది. ఆచారి వచ్చీరాగానే చిత్రిక తీయలేదు. మోకాళ్ల మీద కూర్చుని నేలంతా అరచేత్తో తడిమి, పైకి తేలిన మేకులన్నిటినీ లోపలికి దిగగొట్టాడు. ఒక్క మేకు తల తగిలినా బ్లేడు అంచు ఎగిరిపోతుంది, ఆ తర్వాత తోసిన ప్రతిసారీ చెక్క మీద గీత పడుతుంది. నార ఎటు పోతోందో కూడా చూసుకున్నాడు. నార వెంట తోస్తే నున్నగా వస్తుంది, ఎదురు తోస్తే పెచ్చులు లేస్తాయి. ఒక పలక మార్చేద్దామా అంటే గోటితో నొక్కి చూసి, “దీంట్లో ఇంకా చేవ ఉండాది సామీ” అన్నాడు. (‘చేవలేనివాడు’ అని తిడతామే, ఆ చేవే ఇది. చెట్టు నడిమి గట్టి కర్ర. దాని సంగతి ఇంకోసారి.)

చిత్రిక అయ్యాక ఉప్పు కాగితం: ముందు 60 నంబరు, తర్వాత 80, 120. రాలిన పొట్టునే జిగురుతో కలిపి సన్న సందుల్లో కూరడం, ఆఖర్న వార్నిష్.

ఇంత పనిలో బొమ్మ ఎక్కడుంది? ఉన్నదాంట్లో ఎచ్చుతగ్గులు తీసేయడమే. ‘రాసిన కథను మళ్లీ చిత్రిక పట్టాడు’ అంటే నాకు పేచీ లేదు, చక్కటి మాట. ‘పల్లె బతుకును చిత్రిక పట్టాడు’ అంటే మాత్రం ఆ బతుకులోని గరుకంతా గీకి పారేశాడని అర్థం. పాపం, ఆ రచయిత చేసింది దానికి పూర్తిగా ఎదురు!

వ్యాఖ్య: వాడుకలో పడిపోయింది కదన్నా, ఇప్పుడు తప్పంటే ఎట్లా?

జవాబు: పడింది, కాదనను తమ్ముడూ. కానీ వడ్రంగులు ఇవాళ్టికీ దాన్ని పాత అర్థంలోనే వాడుతున్నారు. వాళ్ల నోట బతికున్న మాటకు మనం పేపర్లో వేరే అర్థం అంటగట్టడం ఎందుకు? ‘చిత్రించింది’ అంటే సరిపోతుంది.

వ్యాఖ్య: మా చిత్తూరులో తమిళం మాట్లాడే ఆచారులు దీన్ని ఇళైప్పుళి అంటారు. ఉప్పు కాగితం వాళ్లకూ ఉప్పుత్తాళే. సార్, పాత నేలకు ఎన్నిసార్లు చిత్రిక పట్టొచ్చు?

జవాబు: మందం ఉన్నన్నిసార్లు. పలకలను ఒకదాని గాడిలో ఇంకొకటి దూర్చి బిగించి ఉంటే, గాడికి పైన ఉన్న చెక్కనే లెక్కలోకి తీసుకోవాలి. అది పలచబడితే అంచులు విరుగుతాయి. ముందు ఒక పలక లేపి చూడమనండి.