కాలనీ సంఘం నిధులు ముందు దేనికి ఖర్చు పెట్టాలి: వరదకా, ఎండకా?

ప్రశ్న: హైదరాబాదులో ఉప్పల్ వైపు ఒక కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి

అందరికీ నమస్కారం. మాది సుమారు రెండు వందల ఇళ్లున్న కాలనీ. చాలావరకు రెండు వందల గజాల స్థలాల్లో కట్టుకున్న ఇళ్లు, వాటి మధ్య కొన్ని అపార్ట్‌మెంట్లు. 2020 అక్టోబరు 13న మొదలై మర్నాటిదాకా కురిసిన వానకు మా దిగువ వీధులన్నీ మునిగిపోయాయి. సెల్లార్లలో నీళ్లు తోడించి, బురద ఎత్తించి, పాడైన మోటార్లు బాగుచేయించుకునేసరికి దీపావళి వచ్చింది. ఆ తరువాతి వేసవుల్లో కథ ఇందుకు పూర్తిగా తలకిందులు. మార్చి దాటేసరికి బోర్లు అడుగంటుతున్నాయి, ట్యాంకరు బుక్ చేసి ఎదురుచూడవలసి వస్తోంది, రాత్రి పదకొండు గంటలకు కూడా పై అంతస్తు గోడ మీద చేయి పెడితే వేడి తగులుతోంది.

సంఘం దగ్గర కొంత నిధి మిగిలింది. ముఖద్వారం దగ్గర ఆర్చి కట్టిద్దామన్న ప్రతిపాదనను పక్కనపెట్టి, మారుతున్న వాతావరణాన్ని తట్టుకొనేందుకు పనికివచ్చే వాటికే ఈ డబ్బు వాడాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. అయితే నాలా పనులా, ఇంకుడు గుంతలా, మొక్కలా, పైకప్పులకు తెల్లరంగా అన్న దగ్గర మాట కుదరడం లేదు. ఇదంతా ప్రభుత్వం చేయవలసిన పని, రెండు వందల ఇళ్లవాళ్లం ఏం చేయగలమని అడిగేవారూ ఉన్నారు, వారి మాటను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత సివిల్ ఇంజనీరు, హబ్సిగూడ

కార్యదర్శి గారికి నమస్కారం. ముందుగా ఒక లెక్క చూద్దాం, ఎందుకంటే చాలా కాలనీల్లో ఈ లెక్క వేయకుండానే డబ్బు ఖర్చు పెడుతున్నారు. రెండు వందల గజాలంటే దాదాపు 167 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీరు. మన నగరంలో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది కనుక, ఒక్క ఇంటి స్థలం మీద ఏటా పడే నీరు లక్షా ముప్పై వేల లీటర్ల పైమాటే. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లలో చెప్పుకుంటే ఇరవై ఆరు. అందులో కొంత ఆవిరైనా, మిగిలిన దాన్ని భూమిలోకి పంపగలిగితే మీ బోర్ల పరిస్థితి మారుతుంది.

వరద లెక్క వేరు. 2020 అక్టోబరులో బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లకు పైగా నమోదైంది, ఘట్‌కేసర్ వైపు అంతకంటే చాలా ఎక్కువ కురిసింది. 19 సెంటీమీటర్లే అనుకున్నా ఒక్కో స్థలం మీద ముప్పై వేల లీటర్లకు పైగా, రెండు వందల ఇళ్ల మీద అరవై లక్షల లీటర్లకు పైగా పడ్డట్టు, రోడ్ల మీద పడింది కాక. పొడవు, వెడల్పు, లోతు ఆరేసి అడుగులున్న గుంత ఖాళీగా ఉంటే ఆరు వేల లీటర్లు పడుతుంది. రాళ్లు, కంకర, ఇసుక నింపాక అందులో సగం కూడా పట్టదు. అందుకని ఇంకుడు గుంతలు వేసవి నీటి కోసం చేసుకోవలసినవి, కుండపోత వానకు వాటి మీద ఆశ పెట్టుకోకూడదు. ఆ రోజున నీరు పోవడానికి దారి ఉండాలి, ఆ దారి నాలా.

నాలా వెడల్పు చేయడం, గోడ కట్టడం కాలనీ డబ్బుతో అయ్యే పనులు కావు, వాటిని నగర పాలక సంస్థ చేతనే చేయించాలి. కానీ పూడికతీత సరిగ్గా జరిగేలా చూడడం మాత్రం నూటికి నూరుపాళ్లూ మీ చేతిలో ఉంది. మే నెలలో యంత్రం వచ్చి పూడిక తీస్తుంది, తీసిన మట్టిని ఆరడానికని గట్టునే పోస్తారు, తరువాత లారీ రాదు, జూన్ మొదటి వానకు ఆ మట్టి మళ్లీ నాలాలోకే దిగుతుంది. ఆ కుప్ప లారీ ఎక్కేదాకా కాలనీ నుంచి ఇద్దరు మనుషులు వంతులవారీగా అక్కడ నిలబడి, రోజూ ఫొటోలు తీసి అధికారులకు పంపితే చాలు. పైసా ఖర్చు లేని పని ఇది, అయినా దీన్ని పట్టించుకునే కాలనీలు అరుదు.

ఇంటి ఆవరణ మొత్తం టైల్సు పరవడం మానిపించడం రెండో పని. ప్రహరీ వెంబడి రెండడుగుల మట్టి వదిలినా కొంత నీరు ఇంకుతుంది, ఒక వేప మొక్కకో కానుగ మొక్కకో చోటు దొరుకుతుంది.

2020 నాటి వాన వంటివి ఇకముందు తగ్గుతాయని ఆశించలేం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలుగుతుంది, కురిసినప్పుడు ఆ భారమంతా ఒక్కసారిగా దిగుతుంది. పాత కాలువలు ఆ లెక్కకు కట్టినవి కావు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సూచనల మీద ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, ఒకటి 1920లో, మరొకటి 1927లో పూర్తయ్యాయి. నీటిని ఎగువనే ఆపాలన్న ఆ ఆలోచన నేటికీ చెల్లుతుంది. మీ ఎగువ చెరువు తూము, అలుగు ఏ స్థితిలో ఉన్నాయో వెళ్లి చూడండి. అలుగు నీటి దారిలో కట్టడాలు లేస్తుంటే, చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రాకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అంబర్‌పేటలో పూడిపోయిన బతుకమ్మ కుంట 2025లో మళ్లీ నీటితో కళకళలాడిందంటే, ఇక్కడ చెరువులకు కాలం చెల్లిపోయిందన్న మాట నిజం కాదని తెలుస్తోంది.

జవాబు: బస్తీ దవాఖానాలో పనిచేసే వైద్యురాలు

ఇంజనీరు గారు చెప్పిన దానితో ఏకీభవిస్తూనే ఎండ సంగతి వేరుగా చెప్పదలచుకున్నాను. వరద నష్టం అందరి కళ్లకూ కనబడుతుంది. ఎండ నష్టం ఒక్కో గదిలో విడిగా జరిగి, కాగితాల్లో గుండెపోటుగానో మూత్రపిండాల జబ్బుగానో మిగిలిపోతుంది. అలా దాటిపోగా లెక్కకెక్కినవే 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలకు పైగా మరణాలు. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. పోస్టుమార్టం, పంచనామా లేకపోతే ఆ సాయం అందడం కష్టం కనుక, ఈ విషయం కూలి పనికి వెళ్లే కుటుంబాలకు ముందే తెలిసి ఉండాలి.

ఏసీ ఉన్న ఇంటికీ, అదే ఇంటి మెట్ల కింద వాచ్‌మన్ కుటుంబం ఉండే గదికీ వేసవి ఒకటి కాదు. పగలు ఎండలో పనిచేసిన శరీరం రాత్రి చల్లబడి తేరుకోవాలి. రేకుల గదిలో పడుకునే మనిషికి ఆ అవకాశం దొరకదు, అలా వరుసగా కొన్ని రాత్రులు గడిచాక చిన్న జ్వరమో విరేచనమో వస్తే పడిపోతారు. బీపీకి నీటి మాత్రలు (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి) వాడే పెద్దవాళ్లు, మధుమేహం ఉన్నవాళ్లు, గర్భిణులు ఇంకా త్వరగా దెబ్బతింటారు. మా దగ్గరకు వచ్చే ఆడవాళ్లలో చాలామంది, పనిచేసే చోట మరుగుదొడ్డి వాడుకోనివ్వరన్న కారణంగా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగరు. మీ కాలనీలో ఇళ్లలో పనిచేసే వారికి ఈ ఒక్క ఇబ్బంది తీర్చినా ఎంతో మేలు చేసినవారవుతారు, అందుకు నిధులతో పనే లేదు.

డబ్బు పెట్టదలచుకుంటే పైకప్పులతో మొదలుపెట్టండి. 2017లో దేవరకొండ బస్తీలో పాతిక పేద ఇళ్ల పైకప్పుల మీద చలువ పొర పరిచి చూసినప్పుడు, ఇంటి లోపల సగటున రెండు డిగ్రీల దాకా వేడి తగ్గింది. 2023లో వచ్చిన రాష్ట్ర కూల్ రూఫ్ విధానం ప్రకారం 600 గజాలు, ఆపైన ఉన్న కొత్త ఇళ్లకు ఇది తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. అసలు అవసరం ఆ చిన్న ఇళ్లకే ఉంది. స్లాబు అయితే సున్నంలో కొద్దిగా ఫెవికాల్ కలిపి ఫిబ్రవరిలో రెండు పూతలు వేయించవచ్చు. ముందు దుమ్ము, నాచు బాగా గీకి కడగకపోతే పూత పొరలుగా లేచిపోతుంది, ఒక్క వానాకాలానికే పోతుంది. రేకులకు సున్నం నిలవదు, ఎండను వెనక్కి కొట్టే తెల్ల పెయింటు కావాలి. మొదట వాచ్‌మన్ గదులు, తరువాత కాలనీ వెనుక ఉన్న రేకుల ఇళ్లు, ఆ తరువాతే మన మేడలు అన్న వరుస పాటించమని నా విన్నపం.

ఎవరైనా ఎండలో తూలిపడి, పొంతన లేకుండా మాట్లాడుతుంటే దాన్ని వడదెబ్బగానే భావించాలి. 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరాలి, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. జ్వరం మాత్ర ఇందుకు పనిచేయదు.

జవాబు: మూసీ ఒడ్డు బస్తీలో కిరాయికి ఉంటున్న ఉపాధ్యాయుడు

ఇద్దరు పెద్దలూ చెప్పిన దానికి ఒక్క సంగతి కలుపుతాను. 2020 వరద తరువాత ప్రభుత్వం కుటుంబానికి 10 వేల రూపాయల సాయం ప్రకటించినప్పుడు, మా వీధిలో ఇంటి యజమానులకు అందింది కానీ, సామాను కోల్పోయిన కిరాయిదార్లలో చాలామందికి అందలేదు. ఎవరు ఏ గదిలో ఉంటున్నారో రాసిపెట్టిన కాగితం ఎవరి దగ్గరా లేకపోవడమే కారణం. ఇప్పుడు మా బస్తీలో ఒక రిజిస్టరు ఉంది: గదులవారీగా పేర్లు, ఫోన్ నంబర్లు, మంచం దిగలేని వాళ్లు ఎవరు, చంటిపిల్లలున్నది ఎక్కడ. ఆధార్, బ్యాంకు పుస్తకాల నకళ్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి అటక మీద ఉంచమని ఇంటింటికీ చెప్పాం. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నుంచి వదిలిన నీటితో మూసీ మహాత్మా గాంధీ బస్ స్టేషన్ లోపలికి వచ్చినప్పుడు ఎవరిని ముందు తరలించాలో వెతుక్కోవలసిన పని రాలేదు.

మీ నీరు చివరికి మా వైపే వస్తుంది. మీ చెరువు అలుగు పోయడం మొదలైన వెంటనే దిగువ బస్తీలకు తెలియజేసేలా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే, సామాను పైకి ఎత్తుకోవడానికి మాకు కాస్త వ్యవధి దొరుకుతుంది. ఇది మీ తీర్మానంలో చేర్చమని కోరుతున్నాను.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మా సంఘంలో ఇప్పటివరకు ఇంటి యజమానులకే సభ్యత్వం ఉంది, కిరాయిదార్లను, వాచ్‌మన్ కుటుంబాలను సమావేశానికి పిలవాలన్న ఆలోచన ఇక్కడి జవాబులు చదివాకే వచ్చింది. వచ్చే ఆదివారం వారందరినీ పిలుస్తున్నాం. పైకప్పుల పని ఫిబ్రవరిలో, నాలా కాపలా మేలో పెట్టుకుంటాం. అలుగు సమాచారం తప్పకుండా ఇస్తాం. ఇంకుడు గుంతల విషయంలో ఒక్క సందేహం: మా కాలనీలో కొన్ని చోట్ల నాలుగడుగులకే రాయి తగులుతోంది. అక్కడ ఏం చేయాలి?

జవాబు: విశ్రాంత సివిల్ ఇంజనీరు, హబ్సిగూడ

అక్కడ గుంత తవ్వించకండి, నీరు ఇంకదు. ఎండిపోయిన పాత బోరు ఏదైనా ఉంటే దాని కేసింగ్ పైపుకు రంధ్రాలు చేయించి, చుట్టూ కంకర, ఇసుక వడపోత కట్టించి, మేడ మీది నీటిని మాత్రమే అందులోకి మళ్లించండి. రోడ్డు మీది నీటిని, సెల్లారు నీటిని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదు, ఎందుకంటే అందులోని మురికి సూటిగా అందరూ తాగే నీటిలోకి దిగుతుంది. తొలకరి వాన నీరు కూడా బయటికే పోయేలా పైపుకు ఒక వాల్వు పెట్టించండి.