అప్‌డేట్: డాలర్ నోటుతో గట్టెక్కాను

పోయిన నెల అడిగింది నేనే. అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో టీఏని (టీచింగ్ అసిస్టెంట్‌ని), 'అమెరికన్ జీవితంలో మతం' కోర్సులో సెక్షన్ (చిన్న చర్చా క్లాసు) తీసుకోమన్నారు, చర్చిలో పెరిగిన పిల్లలకి గుళ్లో పెరిగిన నేనేం చెప్పను అని. సిద్ధాంతాలు పక్కనపెట్టి జేబులో ఉన్నదానితో మొదలుపెట్టమని ఒకరన్నారు. అదే చేశాను.

తలా ఒక డాలర్ నోటు తీయమన్నాను. సగం మంది దగ్గర నగదే లేదు, అది వేరే కథ. నోటు మీద 'దేవుణ్ణి నమ్ముతున్నాం' అన్న మాట ఎప్పటిది అంటే, దేశం పుట్టినప్పటిదే అని అందరూ ఒకే మాట. నాణేల మీద 1864 నుంచి ఉంది కానీ, జాతీయ నినాదం అయింది 1956లో, నోటు మీదకి వచ్చింది 1957లో. బడిపిల్లలు అమెరికా జెండా ముందు చెప్పే ప్రతిజ్ఞలో 'దేవుడి నీడన' అన్న ముక్క చేర్చింది 1954లో. దేవుడు లేడనే సోవియట్‌తో పోటీ రోజులవి. వెనక బెంచీలో ఫోన్ చూస్తున్న అబ్బాయి నోటు వెలుతురుకి పట్టి, "అంటే మా తాతకంటే చిన్నదా ఇది?" అన్నాడు. అక్కడి నుంచి క్లాసు వాళ్లదే.

మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉండాలన్న ప్రెసిడెంట్ జెఫర్సన్ 1802 ఉత్తరం మాత్రం తుస్సుమంది, ఎవరూ చదివి రాలేదు.

ప్రభుత్వ యూనివర్సిటీలో మతం గురించి చెప్పొచ్చా అన్న నా అసలు టెన్షన్ తీర్చింది 1963 నాటి షెంప్ తీర్పు. ప్రభుత్వ బడిలో భక్తిగా బైబిల్ చదివించడం కుదరదు, మతాన్ని చదువుగా చెప్పడానికి అడ్డు లేదు అంది సుప్రీంకోర్టు. నేను చేస్తున్నది ఆ రెండోదే కదా.

వచ్చే వారం పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి. దానికి మాత్రం ప్రిపరేషన్ అక్కర్లేదు.