కంచు మ్రోగునట్లా, మ్రోగినట్లా? ఒక ట్యూబ్ ఆంప్ తెచ్చిన తంటా

తీగలబ్బాయి:
నాలుగు రోజులుగా ఒక పద్యపాదం పంటి కింద రాయిలా తగులుతోంది. సందర్భం చెప్తాను, నవ్వకండి. ఎలక్ట్రిక్ గిటార్‌కి ట్యూబ్ ఆంప్ (పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచే ఆంప్లిఫయర్) కొందామని తిరుగుతున్నాను. కాంబోయే కావాలి. ఆంపూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉండాలి, రెండు పెట్టెలు మోసే ఓపిక లేదు. మొన్న ఆదివారం మిత్రుడి ఇంట్లో 15 వాట్లది వాయించి చూశాను. నాన్న కూడా వచ్చారు. వాల్యూమ్ 3 దగ్గర ఉన్నంతసేపూ తీగ చల్లగా, తేటగా పలికింది. 7కి తిప్పి గట్టిగా మీటాను. స్వరం అంచులు చిట్లి, ఒక్క తీగలోంచి నాలుగు తీగలు లేచినట్టయింది. నాన్న గుమ్మంలో నిలబడి "కంచు మోగినట్టు..." అని ఏదో గొణిగి, చెప్పులేసుకుని టీకి వెళ్ళిపోయారు.

వేమన అని తెలుసు. కానీ "కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా" అనా, "మ్రోగినట్లు" అనా? నా నోటికి ‘గి’ వస్తోంది, చిన్నప్పటి వాచకంలో ‘గు’ చూసినట్టు గుర్తు. ఇంకో సంగతి, ఆ చిట్లిన ధ్వనికి మనకొక మాట ఉందా? గిటారు వాళ్ళు బ్రేకప్ అంటారు. "నాకు బ్రేకప్ చాలా నచ్చింది" అని ఫోన్లో అంటుంటే విని మా అమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

సూరి శిష్యుడు:
‘గు’. ఇందులో చర్చకేముంది? మ్రోగు అనే తద్ధర్మ విశేషణానికి, అంటే స్వభావాన్ని చెప్పే విశేషణానికి, అచ్చు పరమైతే నుగాగమం, నడుమ నకారం వచ్చి చేరుతుంది: మ్రోగునట్లు. మోగడం కంచు స్వభావం. వేమన చెప్తున్నది స్వభావం గురించి, నిన్న సాయంత్రం గుళ్ళో జరిగిన సంగతి గురించి కాదు. ‘గి’ పెడితే ఒకసారి మోగింది, అయిపోయింది. పద్యం చచ్చిపోతుంది.

ఆటవెలది అత్త:
శిష్యుడు గారూ, అంత ధీమా ఎందుకు? గణాలు వేసి చూడండి. కంచు, మ్రోగు, నట్లు మూడూ సూర్యగణాలే. కనకంబు సలం, మ్రోగునా రగణం. ‘మ్రోగి’ అన్నా గలమే, రేఫ తీసేసి ‘మోగి’ అన్నా గలమే. యతి కకారానికి కకారం, దానికీ దెబ్బ లేదు. అంటే ఛందస్సు ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పదు. వేమన నోళ్ళ మీద బతికినవాడు. బ్రౌన్ దొర 1829లో అచ్చు వేయించడానికి ప్రతులు పోగేసేనాటికే ఊరికో పాఠం. మా తాతగారు ‘గి’ అనే అనేవారు, ఆయన నోటికి రాని పద్యం లేదు.

సూరి శిష్యుడు:
తాతగారి మీద గౌరవంతోనే చెప్తున్నా, జ్ఞాపకం ప్రమాణం కాదండీ.

ఆటవెలది అత్త:
వేమన విషయంలో అదొక్కటే ప్రమాణం.

వాల్వు రేడియో:
మీ ఇద్దరి మధ్య ఆ అబ్బాయి నలిగిపోతున్నాడు. బాబూ, ఏ ఆంప్? ఏ వాల్వులు? ముప్పై ఏళ్ళు వాల్వు రేడియోలు బాగుచేసినవాణ్ణి, పద్యం కన్నా అది బాగా తెలుసు.

తీగలబ్బాయి:
నమస్తే మాస్టారూ. నేను వాయించింది ఫెండర్ బ్లూస్ జూనియర్. 15 వాట్లు, ఈఎల్84లు రెండు, 12ఏఎక్స్7లు మూడు, 12 అంగుళాల స్పీకరు. మనసు లాగుతున్నది మాత్రం డీలక్స్ రివర్బ్ మీద. అది 22 వాట్లు, 6వీ6లు రెండు. డాలస్‌లో మా బావ ఉన్నాడు, వచ్చేటప్పుడు పట్టుకొస్తానంటున్నాడు.

వాల్వు రేడియో:
ఈఎల్84 అంటే మన రేడియోల్లో స్పీకర్ని నడిపే వాల్వే కదయ్యా! నువ్వు చెప్పిన 12ఏఎక్స్7 మాకు ఈసీసీ83. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు తయారుచేసేవారు. రేడియో వేశాక అర నిమిషం మూగగా ఉండి, ఫిలమెంట్ ఎర్రబడ్డాక గొంతు సవరించుకుని పలికేది. గమనించావా, పలికేది అన్నాను, మోగేది అనలేదు. రేడియో మోగుతోంది అంటే పక్కింటివాళ్ళు తిట్టుకుంటున్నారని అర్థం.

పదనిస:
వాల్వు గారూ, అసలు మెలిక మీరే పట్టుకున్నారు! పద్యం మళ్ళీ చూడండి. అల్పుడు ‘పల్కు’, సజ్జనుడు ‘పల్కు’, లోహానికి వచ్చేసరికి ‘మ్రోగు’. వీణ పలుకుతుంది, గంట మోగుతుంది. మనిషి చెయ్యి ఎంత మెత్తగా పడితే అంత మెత్తగా, ఎంత గట్టిగా పడితే అంత గట్టిగా బదులిచ్చేదే పలుకు. ట్యూబ్ ఆంప్ గొప్పదనం అదే అంటారు కదా, మీటే వేలు మారితే ధ్వని మారడం. కాబట్టి తీగలబ్బాయి వెతకాల్సింది మోతకి మాట కాదు, పలుకుకి.

ఇక నా ఓటు: జీవాళి. తంబురా గుర్రం (తీగలు ఆనుకునే బ్రిడ్జి) మీద తీగ కింద నూలుపోగు పెడతారు, దాన్ని వెంట్రుకవాసి జరుపుతూ వెతుకుతారు. ఒక చోట తీగ టుంగ్‌మని చచ్చినట్టుంటుంది. పోగు ఇంకొంచెం జరిగితే ఝుమ్మని అనుస్వరాలన్నీ, అసలు స్వరం వెంట పలికే పై స్వరాలన్నీ, లేస్తాయి. తీగ గుర్రానికి తగిలీ తగలక గీరుకోవడం వల్ల వచ్చే ఝంకారం అది. శుద్ధమైన నాదాన్ని కావాలని కొంచెం చెడగొట్టుకోవడం మనకేం కొత్త కాదు.

డాలస్ డప్పు:
పదనిస గారు చెప్పింది అక్షరాలా నిజం. రాక్ చరిత్ర నిండా ఇదే. 1964లో కింక్స్ బృందం గిటారిస్టు డేవ్ డేవిస్ తన చిన్న ఆంప్ స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో కోసేశాడు, అది గీరుకుంటూ పలకాలని. అంతకు ముందు, 1961లో విడుదలైన ఒక పాటకి నాష్‌విల్‌లో రికార్డింగ్ జరుగుతుంటే కన్సోల్ చానెల్ ఒకటి చెడిపోయి బేస్ గిటారు బర్రుమంది. బాగుందని అలాగే ఉంచేశారు. ఆ చెడిన ధ్వనిని కాలితో నొక్కే చిన్న డబ్బాలో పెట్టి 1962లో మాస్ట్రో ఫజ్‌టోన్ పెడల్ అని అమ్మారు. చెడగొట్టడానికి డబ్బులిచ్చి కొనుక్కునే వ్యాపారం అలా మొదలైంది.

తమ్ముడూ, ఆంప్ విషయంలో నా అనుభవం చెప్తాను. నా దగ్గర డీలక్స్ రివర్బ్ ఉంది. అపార్ట్‌మెంట్‌లో మూడేళ్ళుగా వాల్యూమ్ 3 దాటలేదు. దాటితే కింది అంతస్తు ఆవిడ చీపురుకట్టతో సీలింగ్ మీద తాళం వేస్తుంది. అది చిట్లడం మొదలయ్యేదే ఆ పైన. అంటే నేను కొనుక్కున్నది పూర్తిగా "సజ్జనుండు పల్కు చల్లగాను". ఆ చల్లదనం అద్భుతంగా ఉంటుంది, కాదనను. కానీ నీకు కంచు కావాలంటే తక్కువ వాట్లే మేలు. 15 నుంచి 30 వాట్లకి పెరిగే మోత 3 డెసిబెల్లే. చెవికి రెట్టింపు అనిపించాలంటే పది రెట్ల వాట్లు కావాలి. వాట్లు పెరిగితే నీకు దక్కేది మోత కాదు, ఇంకా పైదాకా చిట్లకుండా ఉండే జాగా.

పెద్దన పక్షం:
ఇంతసేపూ వేమన చుట్టూ తిరుగుతున్నారు, ఆశ్చర్యంగా ఉంది. ధ్వని గురించి మాట్లాడాలంటే తెలుగులో ఒక్కడే కవి, పెద్దన. "అటఁ జని కాంచె" గట్టిగా చదవండి. "ముహుర్ముహుర్లుఠ దభంగ తరంగ మృదంగ నిస్వన". ముహుర్ముహుః, మళ్ళీ మళ్ళీ. లుఠత్, దొర్లుతూ. ఇది డిలే పెడల్ కాక మరేమిటి? ఒక దెబ్బ కొడితే లోయలో అది పది సార్లు దొర్లి వినిపించడం. కుర్రాళ్ళు ఫీడ్‌బ్యాక్ బటన్ తిప్పి చేసేదాన్ని ఆయన సమాసంలో చేశాడు, కరెంటు లేకుండా.

ఇంకా చూడండి: ‘అభంగ తరంగ’. విరగని అల. ఆసిలోస్కోప్ మీద తేటగా ఉన్న గిటారు ధ్వని గుండ్రటి అల. ట్యూబ్‌ని దాని సత్తువకి మించి అడిగితే అల నెత్తి నలిగి బల్లపరుపు అవుతుంది. అంటే భంగ తరంగం. తీగలబ్బాయి గారూ, మీ బ్రేకప్‌కి మాట దొరికింది. భంగం.

తీగలబ్బాయి:
అండీ, "ఈ ఆంప్‌లో భంగం బాగుంది" అంటే బ్రేకప్ కన్నా ఘోరంగా ఉండదా?

సూరి శిష్యుడు:
పైగా సంస్కృతంలో భంగమంటే అల అని కూడా అర్థం ఉంది. కాబట్టి మీ ‘అభంగ’ అల కాని అల అవుతుంది.

పెద్దన పక్షం:
అక్కడ ఆ అర్థం పొసగదని మీకూ తెలుసు. వాదన కోసం వాదిస్తున్నారు.

సూరి శిష్యుడు:
గుంపులో ఉన్నదే అందుకు.

ఆటవెలది అత్త:
పెద్దనని దించేసి నా ప్రశ్నకి రండి. వేమన కంచుని తక్కువ చేశాడు, సరే. మరి మనం ఒకరి గొంతుని మెచ్చుకోవాలంటే ‘కంచు కంఠం’ అంటామెందుకు? కనక కంఠం అని ఎవరైనా అన్నారా? రంగస్థలం మీద పద్యం పాడేవాడికి చివరి వరసదాకా అందే గొంతు కావాలి, అది కంచే. వేమన బంగారం పేరుతో గెలిపించాడు గాని, చెవి మాత్రం కంచు వైపే ఉంది. బొబ్బిలి వీణ మెట్లు 24, మైనంలో కూర్చేవి కంచు మెట్లే. బంగారు మెట్ల వీణ ఎవరూ చెయ్యరు, చేసినా పలకదు.

డాలస్ డప్పు:
అత్తగారూ, చిన్న సవరణ. ఎలక్ట్రిక్ గిటార్‌కి కంచు తీగలు వెయ్యకూడదు. పికప్ అంటే అయస్కాంతం, దానికి ఇనుము కావాలి. కంచు చుట్టిన తీగ వేస్తే ఆ చుట్టు పికప్‌కి వినపడదు, తీగ నీరసంగా పలుకుతుంది. కాబట్టి ఇక్కడ కంచు తీగలో లేదు, గాజుబుడ్డిలో ఉంది.

ఆటవెలది అత్త:
నేను వీణ గురించి చెప్పాను నాయనా.

తీగలబ్బాయి:
డాలస్ అన్నా, పెడల్స్ సంగతి కూడా చెప్పు. ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ కొంటే రాత్రిపూట తక్కువ వాల్యూమ్‌లో కూడా ఆ చిట్లుడు వస్తుందా?

డాలస్ డప్పు:
కొంతవరకే. పేరులో ట్యూబ్ ఉంది గాని పెడల్లో ట్యూబ్ ఉండదు. దాన్ని వాడే అసలు కిటుకు వేరు: డ్రైవ్ (పెడల్ తను చిట్లే పాలు) బాగా తగ్గించి, లెవెల్ (ఆంప్‌కి పంపే బలం) బాగా పెంచాలి. అప్పుడది తను చిట్లదు, ఆంప్‌ని చిట్లేదాకా తోస్తుంది. బేస్ కొంచెం కోసి మధ్య స్థాయిలు పైకి తెస్తుంది కాబట్టి డ్రమ్స్ మధ్యలోనూ గిటారు వినిపిస్తుంది. ఆంప్ అప్పటికే చిట్లే అంచున ఉంటేనే దీని అందం. 3 దగ్గర నిద్రపోతున్న నా ఆంప్ ముందు పెడితే జలుబు చేసిన గొంతులా ఉంది.

వరస: ఫజ్ ఉంటే గిటారు పక్కనే, తర్వాత ఓవర్‌డ్రైవ్, చివర్లో డిలే. డిలే ముందు పెట్టి ఓవర్‌డ్రైవ్ వెనక పెడితే ప్రతిధ్వనులన్నీ కలిసి చిట్లి ముద్దపప్పు అవుతుంది. రివర్బ్ పెడల్ వద్దు. నువ్వు అనుకుంటున్న రెండు ఆంపుల్లోనూ నిజమైన స్ప్రింగులే ఉన్నాయి, పెట్టెని మోకాలితో తడితే గుహలో పిడుగు పడ్డట్టు ఉరుముతుంది.

పెద్దన పక్షం:
"మృదంగ నిస్వన".

వాల్వు రేడియో:
ఎవరూ అసలు విషయం చెప్పడం లేదు. బాబూ, మీ బావ అక్కడి నుంచి తెచ్చేది 120 వోల్టులది. మన గోడలో 230. నేరుగా పెడితే పద్యం కాదు, పొగ వస్తుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ ఆంప్ వెనక పలక మీద రాసిన వాట్లకి కనీసం ఒకటిన్నర రెట్లు మొయ్యాలి. నేనే ఒకసారి కస్టమర్ తెచ్చిన అమెరికా రికార్డ్ ప్లేయర్‌ని చూసుకోకుండా గోడకి పెట్టాను. ముప్పై ఏళ్ళ అనుభవం, మూడు సెకన్లు. ఇంకో మాట, స్విచ్ ఆపినా వాల్వు పెట్టెలో కెపాసిటర్లు వందల వోల్టులు పట్టుకుని కూర్చుంటాయి. వెనక మూత తీసి వేలు పెట్టకు.

తీగలబ్బాయి:
అమ్మో! అయితే ఇక్కడే 230ది కొంటాను మాస్టారూ. బావకి కూడా బరువు తగ్గుతుంది. డీలక్స్ రివర్బ్ దాదాపు 19 కిలోలట, విమానం పెట్టెకి హద్దు 23. పిల్లల చాక్లెట్లు ఎక్కడ పెట్టాలని అక్క ఇప్పటికే అలిగింది. బ్లూస్ జూనియరే ఖాయం.

పదనిస:
మంచి నిర్ణయం. మరి ‘గి’నా ‘గు’నా? నాకిప్పుడొక ఆలోచన తట్టింది. కంచుకైతే మోగడం స్వభావం, ‘గు’ సరిపోతుంది. ట్యూబ్‌కి చిట్లడం స్వభావం కాదు, తోస్తేనే జరిగే సంఘటన. కాబట్టి గంట గురించి అయితే ‘మ్రోగునట్లు’, ఆంప్ గురించి అయితే ‘మ్రోగినట్లు’. నాన్నగారు సరిగ్గానే అన్నారు.

సూరి శిష్యుడు:
ఆంప్ కోసం వేమన పాఠం దిద్దుతున్నారా!

ఆటవెలది అత్త:
దిద్దడం కాదు, ఇంకో ప్రతి పుట్టింది. మా తాతగారి పక్కన రాసుకోండి.

తీగలబ్బాయి:
అందరూ క్షమించాలి. ఇప్పుడే నాన్నని అడిగాను. "ఆ రోజు కంచు మోగినట్టు అని వేమన పద్యం ఎందుకన్నావు?" అంటే వింతగా చూశారు. "పద్యమా? కంచం మోగినట్టుందిరా, పెళ్ళిలో వడ్డించేవాడి చేతిలోంచి స్టీలు కంచం జారినట్టు, అన్నాను" అన్నారు.

సూరి శిష్యుడు:
‘కంచము’ భగణం. ఆటవెలది మూడో పాదం మొదట సూర్యగణం ఉండాల్సిన చోట ఇంద్రగణం పడుతుంది. నిలవదు.

ఆటవెలది అత్త:
కంచం మాత్రం కంచులోంచి పుట్టిన మాట కాదా ఏమిటి? కాబట్టి నాన్నగారు చెప్పింది పాఠాంతరమే.

సూరి శిష్యుడు:
స్టీలు కంచం అన్నారండీ ఆయన.