పెంటయ్య అనే పేరు గురించి

నిన్న ఇక్కడ ఒక సోదరి అడిగిన ప్రశ్నకు జవాబిది. కామెంట్‌లో పట్టదు కాబట్టి విడిగా రాస్తున్నాను. ఆమె తన పాపకు పేరు వెతుకుతూ పాత ఓటర్ల జాబితా ఒకటి చూశారట. అందులో పెంటయ్య, పుల్లమ్మ, తవిటయ్య, పిచ్చమ్మ అనే పేర్లు కనిపించాయట. "కన్నబిడ్డకు ఇలాంటి పేరు ఎలా పెట్టబుద్ధయింది?" అని అడిగారు. కింద చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా తాత పేరు పెంటయ్య.

తాతకు ముందు మా ముత్తవ్వకు ముగ్గురు పుట్టి పోయారు. ఒకరు పురిట్లోనే, ఇద్దరు ఏడాది నిండకుండానే. నాలుగో కాన్పులో తాత పుట్టగానే మంత్రసాని బిడ్డను చేటలో పెట్టుకుని వెళ్లి, ఇంటి వెనక పెంటకుప్ప మీద ఉంచింది. పక్కింటామె అటుగా వచ్చి, "ఎవరో పిల్లగాన్ని పారేసి పోయిన్రు, మీరు సాదుకుంటరా?" అని గట్టిగా అడిగి, తెచ్చి మా ముత్తవ్వ ఒళ్లో పెట్టింది. ఇదంతా ముందే అనుకుని చేసిన పని. చావు మళ్లీ ఆ గడప దాకా వస్తే, వీడు ఈ ఇంటి బిడ్డ కాడు, పెంట మీద దొరికినవాడు, ఎవరికీ అక్కర్లేనివాడు అనుకుని వెనక్కి పోవాలి. అందుకే ఆ పేరు. తాత ఎనభై దాటి బతికాడు.

20వ శతాబ్దం మొదట్లో మన దేశంలో పుట్టిన ప్రతి 1,000 మంది పిల్లల్లో 200 మందికి పైగా మొదటి పుట్టినరోజు చూడలేదు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. పెంటయ్యలు ఎందుకు తగ్గిపోయారో ఈ రెండు అంకెలు చెబుతాయి. చదువుకున్నాక జనానికి సిగ్గేసి మానేశారనుకుంటాం. అదీ కొంత ఉంది. కానీ అసలు సంగతి, పురిట్లో పిల్లలు పోవడం తగ్గింది, ఆ పేరుతో పని తీరిపోయింది.

ఇక 'పెంట' మాట. ఈ రోజు ఎవరైనా "అంతా పెంట చేశాడు" అంటే పాడుచేశాడని అర్థం. కానీ సేద్యం చేసే ఇంట్లో పెంట అంటే ఎరువు. ఎండాకాలం చివర పొలానికి పెంట తోలేవాళ్లు, ఊళ్లో ఎవరి కుప్ప ఎంత పెద్దదో అందరికీ తెలిసేది. కుప్ప పెద్దదంటే ఆ ఇంట్లో పశువులు ఉన్నట్టు, చేను పండుతుందన్నట్టు. ఆ మాటే మరో చోట ఊరి పేరు. నల్లమలలో చెంచుల గూడేలను పెంటలు అనే అంటారు. పశ్చిమ గోదావరిలో పెంటపాడు ఉంది. ఈ పెంటలన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయా అన్నది వేరే చర్చ. నేను చెప్పేది ఒక్కటే. మాట చెడ్డది అయింది తర్వాత. పేరు పెట్టిన రోజున అది ఇంత చెడ్డ మాట కాదు.

మిగతా పేర్ల సంగతి కూడా ఇలాంటిదే. పుల్లాకు అంటే తిని వదిలేసిన ఎంగిలి విస్తరాకు. బిడ్డను ఆ ఆకుల మీద పొర్లించి పుల్లయ్య, పుల్లమ్మ అనేవారని పెద్దలు చెబుతారు. ఆ పేరున్నవాళ్లు మన సినిమాకు తొలి రోజుల్లోనే ఇద్దరు దర్శకులు ఉన్నారు, సి. పుల్లయ్య, పి. పుల్లయ్య. తెర మీద వాళ్ల పేరు చూసి ఎవరూ నవ్వలేదు. తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎక్కువ. పుట్టిన బిడ్డను పరాయివాళ్ల చేతికి ఇచ్చేసి, కాస్త తవుడు ఇచ్చి తిరిగి కొనుక్కునేవారు. తవుడుకు కొన్న బిడ్డ తవిటయ్య. భిక్షమయ్య, భిక్షపతి తెలంగాణలో ఇప్పటికీ వినిపిస్తాయి. దేవుడి దగ్గరో ఊళ్లోనో అడుక్కుని తెచ్చుకున్న బిడ్డ అని.

పిచ్చయ్య దగ్గర నేను కొంచెం ఆగుతాను. మనకు ఆ పేరులో 'పిచ్చి' వినిపిస్తుంది, అందుకే నవ్వుతాం. తమిళంలో పిచ్చై అంటే భిక్ష. గూగుల్ అధిపతి సుందర్ పిచ్చై పేరులో ఉన్న మాట అదే. మన పిచ్చయ్య కూడా భిక్షమయ్యకు తోబుట్టువే అని నా గట్టి నమ్మకం. తమిళంలో కుప్పుస్వామి కూడా అలాంటిదే, కుప్పై అంటే చెత్తకుప్ప. త్యాగరాజస్వామి శిష్యుడు, తెలుగులో వర్ణాలు, కృతులు కట్టిన వీణ కుప్పయ్యర్ పేరు తలుచుకోండి. ఆ పేరు పలికినప్పుడు మనకు వీణ గుర్తొస్తుంది, కుప్ప గుర్తుకు రాదు.

ఇది పల్లెజనం మోటుతనం అని నిన్న ఒకరు రాశారు. వారికోసం ఐతరేయ బ్రాహ్మణం అనే వేద గ్రంథంలోని కథ చెబుతాను. అజీగర్తుడికి ముగ్గురు కొడుకులు: శునఃపుచ్ఛుడు, శునశ్శేపుడు, శునోలాంగూలుడు. మూడు పేర్లకూ కుక్కతోక అనే అర్థం చెబుతారు. వేద కాలపు బ్రాహ్మణ కుటుంబం అది. తండ్రి పెద్దవాణ్ని వదులుకోనన్నాడు, తల్లి చిన్నవాణ్ని వదులుకోనంది. నడిమివాడు శునశ్శేపుణ్ని 100 ఆవులకు అమ్మేశారు, హరిశ్చంద్రుడి కొడుకు బదులు వరుణుడికి బలి ఇవ్వడానికి. దేవతలను స్తుతించి అతడు కట్లు తెంపుకున్నాడు. విశ్వామిత్రుడు కొడుకుగా చేసుకుని దేవరాతుడని పేరు పెట్టాడు, అంటే దేవతలు ఇచ్చినవాడు. బిడ్డను నిజంగానే అమ్మిన తండ్రి ఒకవైపు. కాస్త తవుడు ఇచ్చి కొన్నట్టు నటించి బిడ్డను దక్కించుకున్న తల్లి ఒకవైపు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే తవిటయ్య పేరు మీద నాకు గౌరవం ఇంకా పెరుగుతుంది.

అయితే వినడానికి చెడ్డగా ఉన్న ప్రతి పేరు వెనకా ప్రేమ ఉందని నేను అనను. మహారాష్ట్రలో నకోశీ, నకుశా అనే పేర్లు ఉన్నాయి. వద్దనుకున్న పిల్ల అని అర్థం. ఆడపిల్ల మీద ఆడపిల్ల పుడితే పెట్టేవారు. 2011లో సతారా జిల్లాలో అలాంటి పేరున్న 285 మంది బాలికలకు అధికారులు సభ పెట్టి కొత్త పేర్లు ఇచ్చారు. ఆ పిల్లలు తమకు నచ్చిన పేర్లు ఎంచుకున్నారు. పెంటయ్యలో 'ఎవరికీ అక్కర్లేదు' అనేది చావుకు చెప్పిన అబద్ధం. నకోశీలో అది బిడ్డకే చెప్పిన నిజం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

మా నాన్న బడిలో చేరినప్పుడు తండ్రి పేరు చెప్పగానే పంతులుగారు పడీపడీ నవ్వారట, తరగతి మొత్తం నవ్విందట. నాన్న ఆ తర్వాత ఎక్కడ అడిగినా 'పి.' అని పొడి అక్షరమే రాశారు. చివరిదాకా అంతే. తాతకు అది తెలుసో తెలియదో, ఎప్పుడూ ఏమీ అనలేదు. నాకు ఈ విషయం తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. తప్పు నాన్నది కాదు. ఆ పేరు ఎందుకు పెట్టారో ఆయనకు ఆ వయసులో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు సోదరి రెండో ప్రశ్న: పాపకు అన్విత అని పెడితే అర్థం సరిపోతుందా? అమ్మా, పలకడానికి చక్కగా ఉంది. అన్విత అంటే 'కూడినది'. కానీ దేనితో? గుణాన్విత, కరుణాన్విత అంటే వాక్యం నిండుతుంది. ఒంటిగా అన్విత అంటే ఇంకో మాట కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. తప్పని కాదు, తెలిసి పెట్టుకోండి. అబ్బాయిలకు అద్విక్ అని పెట్టి 'సాటిలేనివాడు' అని అర్థం చెబుతున్నారు. సంస్కృతంలో ఆ అర్థానికి ఉన్న మాట అద్వితీయుడు. పేర్ల యాప్‌లలో పక్కన రాసిన అర్థాన్ని నిఘంటువు తెరిచి ఒక్కసారి సరిచూసుకోండి, రెండు నిమిషాల పని. లాస్య, తన్వి లాంటివి నిజంగా ఉన్న మాటలే, పొట్టిగానూ ఉంటాయి. విహాన్, ఆర్యన్ అంటూ పొల్లుతో ముగిసే పేర్లు హిందీ ఉచ్చారణ వెంట వచ్చాయి. వాటిని తెలుగు నోరు అచ్చు చేర్చకుండా పిలవలేదు. వీధి చివర నుంచి కేకేయాలంటే "విహానూ" అనాల్సిందే. ఏ పేరు పెట్టినా, ఎందుకు పెట్టారో ఒక కాగితం మీద రాసి పాపకు దాచిపెట్టండి. మా నాన్న చేతికి అలాంటి కాగితం ఒకటి అంది ఉంటే బాగుండేది.

ఉత్తరాంధ్ర సభ్యులను ఒకటి అడగాలి. తవిటయ్యలను కొన్న తవుడు ఎంత? మా అత్తగారి వైపు వాళ్లు చేరెడు అంటారు, మరొకరు చేటెడు అన్నారు. కొన్నాక ఆ తవుడు ఏం చేసేవారు, ఆవుకు పెట్టేవారా, మంత్రసానికి ఇచ్చేవారా? మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఉంటే అడిగి ఇక్కడ రాయండి. ఊరి పేరు కూడా చేర్చండి.